రెండున్నర మీటర్లు

రెండో చుట్టు సగంలోకి వచ్చేసరికి గ్యాలరీలో మాటలు ఆగిపోయాయి. ఆ స్టేడియంలో మాటలు ఆగడమంటే మామూలు సంగతి కాదు. గోల్ పడితే అరుస్తారు, దెబ్బ తగిలితే అరుస్తారు, ఏమీ జరక్కపోతే ఎందుకు జరగలేదని అరుస్తారు. అలాంటి జనం ఆ ఆదివారం ఉదయం నోళ్ళు వెళ్ళబెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో మిగతా ఏడుగురినీ వెనక వంపులోనే వదిలేసి ఒక్కత్తే వస్తోంది ఆ మనిషి. రోజూ వాళ్ళకి టికెట్టు కొట్టే మనిషే. మార్కెట్టు బస్సులో "లోపలికి జరగండి, లోపల ఇల్లు కట్టుకునేంత చోటుంది" అని గొంతు చించుకునే కండక్టరమ్మ. ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి, ఒక బిడ్డ తల్లి. ఆ కాళ్ళలో ఇంత దాగి ఉందని ఎవరికి తెలుసు?

సున్నం బాబాయి గ్యాలరీ కింది మెట్టు మీద నుంచి తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ట్రాక్ మీద గీతలు గీసేది అతనే. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగా ఉండే ఆ చేతులు చూసి ఊరంతా పెట్టిన పేరు సున్నం బాబాయి. ఆ ట్రాక్ మీద అతను ఎన్నో పరుగులు చూశాడు. కానీ ఇలాంటిది చూడలేదు. ఆమె పాదాలు నేలని తాకుతున్న చప్పుడు కూడా లేదు. నల్లటి బొగ్గు రజను మీద, తెల్లటి గీత పక్కన, ఎవరో చెయ్యి పట్టి లాక్కుపోతున్నట్టు వెళ్ళిపోతోంది. "ఓరి నాయనో" అన్నాడు బాబాయి, పక్కన ఎవరూ లేకపోయినా.

వంపు దగ్గర నిలబడి సెకన్లు అరిచి చెబుతున్నది అతని కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని ఆమెది. దుకాణం తెరిచేలోపు, రోజూ తెల్లవారుజామున వచ్చి కండక్టరమ్మ చేత పరిగెత్తించేది కూడా ఆమే. "అక్కా, చేతులు! చేతులు వదులు!" అని అరుస్తూ గడ్డి మీద ఆమెతోపాటు నలభై అడుగులు పరిగెత్తి ఆగిపోయింది.

ముగింపు గీత దగ్గర మూడు స్టాప్‌వాచీలు ఒక్కసారే ఆగాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండు నిమిషాల తొమ్మిది సెకన్ల ఏడు పదోవంతులు. పెద్ద పోటీలకి వెళ్ళాలంటే రెండు నిమిషాల పది సెకన్ల లోపు పరిగెత్తి ఉండాలి. ఆ ఊరి నుంచి ఇంతవరకూ ఆ గీటు దాటినవాళ్ళు లేరు.

అప్పుడు మొదలైంది అరుపు. ఫుట్‌బాల్ కోచ్, ట్రాక్ వాళ్ళంటే ఎప్పుడూ ముఖం ముడుచుకునే మనిషి, టోపీ తీసి గాల్లోకి విసిరాడు. అది వెళ్ళి సున్నం డబ్బాలో పడింది. కండక్టరమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ, "ఎవరైనా నన్ను లేపి బస్సు దగ్గర దింపండర్రా, రెండు గంటలకి డ్యూటీ ఉంది" అంది.

సోమవారం మధ్యాహ్నానికి ఆ సంబరమంతా గాలి తీసిన బంతిలా అయిపోయింది.

స్టేడియం సెక్రటరీ గదిలో ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చేశారు. ఎంపిక సంఘం నుంచి మాట్లాడుతున్న మనిషి గొంతు చాలా మర్యాదగా ఉంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"మీ ట్రాక్‌ని చివరిసారి ఎవరు కొలిచారండీ?"

"మా మనిషి ఉన్నాడు. ప్రతి పోటీకీ ముందు గీస్తాడు" అన్నారు సెక్రటరీ.

"సున్నంతోనా?"

"సున్నంతోనే."

"చేత్తోనా?"

"మరి కాలితో గీస్తారా?" అన్నాడు బాబాయి పక్కనుంచి. సెక్రటరీ చెయ్యెత్తి వారించారు.

అవతలి మనిషి నవ్వాడు. "ఏమీ అనుకోకండి. ముప్ఫై ఏళ్ళ బస్సు కండక్టరు, సున్నం గీతల ట్రాక్ మీద, ఇంత టైం అంటే... ట్రాక్ పొట్టిగా ఉండి ఉంటుంది. చిన్న ఊళ్ళలో ఇది మామూలే. ఈ టైం మేం లెక్కలోకి తీసుకోలేం."

సెక్రటరీ అరగంట వాదించారు, బతిమాలారు, చివరికి గొంతు పెంచారు. ఆఖరికి అవతలివాళ్ళు ఒక మెట్టు దిగారు. గురువారం కొలతల మనిషిని పంపుతారు. పరుగు జరిగిన రోజు ఎలా ఉందో అలాగే, గీతలు స్పష్టంగా కనబడుతూ ఉండాలి. నాలుగు వందల మీటర్లకి ఒక్క వేలు తగ్గినా ఆ టైం చెల్లదు. పేర్లు పంపడానికి ఆఖరి రోజు శుక్రవారం.

తలుపు దగ్గర కండక్టరమ్మ నిలబడి ఉంది, ఖాకీ చొక్కాలో, భుజాన టికెట్ల సంచితో. బస్సు గేటు బయట ఆగి ఉంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు.

"మొత్తం విన్నావా?" అన్నారు సెక్రటరీ.

"పొట్టి అన్నదాకా విన్నాను సార్." ఆమె బాబాయి వైపు తిరిగింది. నవ్వుదామని చూసింది గానీ నవ్వు రాలేదు. "బాబాయ్, బస్సులో ఎంతమంది ఎన్ని మాటలంటారో, ఏదీ లోపలికి పోదు. ఇది పోయింది. నేను పరిగెత్తింది నిజమేగా?"

"నిజమే అమ్మా."

"నీ గీత నమ్మొచ్చుగా?"

"నా చెయ్యి నమ్మినట్టు నమ్ము" అన్నాడు బాబాయి. ఆమె తల ఊపి హారను వైపు పరిగెత్తింది. ఆ నాలుగు అడుగులు కూడా ఎంత అందంగా ఉన్నాయో అని బాబాయి వెనకనుంచి చూస్తూ ఉండిపోయాడు.

ఆమె వెళ్ళాక సెక్రటరీ తలుపు దగ్గరికి వేశారు. మంచి మనిషే. అయితే స్టేడియం పరువంటే ఆయనకి ప్రాణం. "గురువారంలోపు గీతల మీద మళ్ళీ సున్నం పొయ్యాలిగా? పోసేటప్పుడు వంపుల దగ్గర కాస్త బయటికి లాగు. బెత్తెడు. మన పిల్ల కోసం."

"మార్చమంటున్నారా సార్?"

"మార్చమనలేదు. కాస్త బయటికి అన్నాను."

బాబాయి బయటికి వచ్చేశాడు. వస్తూ వస్తూ మెట్టు కూడా తన్నుకున్నాడు. అతనికి కోపం వచ్చింది సెక్రటరీ మీద కాదు. బెత్తెడు అన్న మాట వినగానే తన గీత మీద తనకే ఒక అనుమానం పుట్టింది. దాని మీద కోపం.

వంపు గీయడానికి అతనికొక ఉక్కు తీగ ఉంది. మైదానం రెండు కొసల్లోనూ, గోలు ముందు గడ్డి కింద, ఒక్కొక్క ఇనప మేకు పాతి ఉంటుంది. తీగ చివరి ఉంగరాన్ని ఆ మేకుకి తగిలించి, రెండో కొస బిగలాగి పట్టుకుని నడిస్తే వంపు దానంతటదే వస్తుంది. తీగ పొడవు ముప్ఫై ఆరున్నర మీటర్లు. తీగ సరిగ్గా ఉంటే ట్రాక్ సరిగ్గా ఉన్నట్టే. మూడేళ్ళ కిందట ఒకసారి ఆ తీగ ఉంగరం దగ్గర పుటుక్కున తెగింది. బాబాయే కొత్త తీగ తెచ్చి, కొలిచి, ఉంగరం చుట్టాడు. ఆ తరవాత మళ్ళీ కొలవలేదు. ఎందుకు కొలవాలి? తన చేత్తో చేసిందేగా.

ఉంగరం చుట్టేటప్పుడు తీగ కొంత ఆ చుట్టలోకే పోయి పొట్టిదవుతుంది. పోయేదానికి సరిపడా ఎక్కువ వదిలిపెట్టాడా, లేదా? గుర్తు రాలేదు.

మంగళవారమంతా అతను ఇంట్లో గిన్నెల మీద, బయట గడ్డి కోసే మిషను మీద విసుక్కుంటూ గడిపాడు. కూతురు దుకాణం నుంచి వచ్చి, "నాన్నా, అక్క ఇవాళ పొద్దున పరిగెత్తలేకపోయింది. సగం చుట్టుకే కూర్చుండిపోయింది. కాళ్ళు రావట్లేదంది" అని చెప్పింది.

"రెండు రోజులు ఓపిక పట్టమను. కొలతలాయన వస్తాడు, కొలుస్తాడు, నోరు మూసుకుని పోతాడు."

"నువ్వు కొలిచి చూశావా?"

"నేనెందుకు కొలవాలే?"

 ట్రాక్ సంగతి వచ్చినప్పుడు తండ్రితో వాదించడం కూతురు రెండేళ్ళ కిందటే మానేసింది. ఆమె కూడా అదే ట్రాక్ మీద ఎనిమిది వందలు పరిగెత్తేది. ఆఖరిసారి రెండు నిమిషాల పది సెకన్ల మూడు వచ్చింది. మూడు పదోవంతుల్లో పోయింది. కన్ను మూసి తెరిచేంత. ఆ సాయంత్రం ఆమె, "ట్రాక్ సరిగ్గానే ఉందా నాన్నా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. "గీత అబద్ధం చెప్పదు. నీ కాళ్ళలోనే లేదు" అన్నాడు అతను. మర్నాడు ఆమె బూట్లు ఎవరికో ఇచ్చేసింది.

భార్య అన్నం వడ్డిస్తూ ఇదంతా వింది. కూతురు లోపలికి వెళ్ళాక, "నాలుగు గోడలూ చెవులు మూసుకునేలా అరుస్తున్నారే, అంత నమ్మకమున్నవాళ్ళు ఒకసారి తీగ కొలుచుకుంటే ఏం పోతుంది? తీగేమైనా కరుస్తుందా?" అంది.

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీదనేగా అడుగుతున్నా" అని ఆమె మజ్జిగ గిన్నె కాస్త గట్టిగానే పెట్టి వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్. బాబాయి ట్రాక్ చుట్టూ తాడు కట్టాడు, బోర్డు పెట్టాడు, కోచ్‌ని పిలిచి బతిమాలాడు. "ఒక్క రోజు, మీ జనాన్ని ట్రాక్ మీదికి రానివ్వకండి. రేపు కొలతలున్నాయి."

"నా జనం నా మాటే వింటే నేను కోచ్‌గా ఎందుకుంటాను బాబాయ్, మంత్రినయ్యేవాణ్ణి" అన్నాడు కోచ్. "అయినా నీ మేకు మీద మా కుర్రాళ్ళ బూట్లు ఎన్ని అరిగాయో లెక్కుందా?" అంటూనే, మ్యాచ్ సాగినంతసేపూ తన ఆటగాళ్ళని వదిలేసి జనం మీదే అరుస్తూ తిరిగాడు. అయినా ఏం లాభం? ఆఖరి నిమిషంలో గోల్ పడింది. మూడు వందల మంది తాడు తెంపుకుని లోపలికి ఉరికారు. జనం వెళ్ళిపోయాక చూస్తే రెండు వంపుల్లోనూ గీత సగానికి పైగా బూడిద రంగు మచ్చ అయిపోయి ఉంది. జాగ్రత్తగా వంగి చూస్తే ఎక్కడుండేదో తెలుస్తుంది. కొలతల మనిషికి అది చాలదు. మళ్ళీ గియ్యాలి.

మళ్ళీ గియ్యాలంటే తీగ ముట్టుకోవాలి. ఇక తప్పలేదు.

గ్యాలరీ మెట్ల కింద పొడవాటి నడవా ఒకటుంది. జావెలిన్లు, హర్డిల్సు, చిరిగిన వలలు అన్నీ అందులోనే. ఇంకా పొద్దు గూకలేదు. మెట్ల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా పడుతోంది. బాబాయి తీగని నేల మీద సాగదీసి, రెండు కొసలూ మేకులతో బిగించి, తన పాత ఉక్కు టేపు తీశాడు. ఆ టేపుకి ముందు కొస ఇరవై సెంటీమీటర్లు ఎప్పుడో విరిగిపోయింది. పదకొండేళ్ళుగా అతను దాంతోనే పని చేస్తున్నాడు. కొత్తది అడిగితే రేపు మాపు అంటారు, అడగడం మానేశాడు. విరిగిన టేపుతో కొలవడం కష్టమేమీ కాదు. అది సున్నా దగ్గర కాదు, ఇరవై దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఎంత కావాలో దానికి ఇరవై కలిపి ఆ గుర్తు దాకా లాగాలి. పదకొండేళ్ళుగా అతను తలుపు కొలిచినా, వల కొలిచినా, ఇరవై కలిపే కొలుస్తాడు. నిద్రలో లేపి అడిగినా కలుపుతాడు.

టేపు మీద తీగ చివర ముప్ఫై ఆరు మీటర్ల తొంభై సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ముప్ఫై ఆరున్నరకి ఇరవై కలిపితే, ముప్ఫై ఆరు డెబ్బై దగ్గర ఆగాలి.

బాబాయి కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. ఇరవై ఎక్కువ. తీగ పొట్టిగా లేదు. పొడుగ్గా ఉంది!

ఒక్కసారిగా గుండె మీదనుంచి బండ దించినట్టయింది. "హమ్మయ్య!" అన్నాడు పైకే. పొడుగైతే కండక్టరమ్మకి ఏ నష్టమూ లేదు. తీగ ఇరవై పెరిగితే చుట్టుకి ఒక మీటరూ పావు పెరుగుతుంది. అంటే ఆమె ఎనిమిది వందల మీటర్లు కాదు, ఎనిమిది వందల రెండున్నర పరిగెత్తింది! ఆ టైంలో! ఎంత మనిషి!  ఫోనులో నవ్వినవాణ్ణి ఇక్కడికి పిలిచి ఈ తీగ ముందు కూర్చోబెట్టాలనిపించింది.

అయితే ఇరవై ఎక్కడినుంచి వచ్చింది? అతను ఆఫీసు గదికి వెళ్ళి, బీరువాలోంచి మంచి టేపు తెచ్చి దాంతోనూ కొలిచాడు. దీని మీద ముప్ఫై ఆరున్నర రావాలి, ముప్ఫై ఆరు డెబ్బై వచ్చింది. ఆ టేపు చేతిలో పట్టుకోగానే గుర్తొచ్చింది. తీగ తెగిన రోజు తన టేపు లేదు. గోలు స్తంభాలు కొలుచుకుంటామని ఫుట్‌బాల్ వాళ్ళు పట్టుకుపోయారు. తను ఆఫీసు టేపు వాడాడు. విరగని టేపు. సున్నా దగ్గర మొదలయ్యే టేపు. దానికి కూడా ఇరవై కలిపాడు.

మూడేళ్ళు. బాబాయి నేల మీద చతికిలబడ్డాడు.

మూడేళ్ళు అనుకోగానే వెంటనే రెండేళ్ళు గుర్తొచ్చింది. రెండేళ్ళు గుర్తు రాగానే మూడు పదోవంతులు గుర్తొచ్చాయి. రెండున్నర మీటర్లు పరిగెత్తడానికి ఎంత పడుతుంది? కూతురి కాళ్ళకి? అతను లెక్కలు పెద్దగా చదువుకోలేదు గానీ ఈ లెక్క అతనికి వచ్చు. నాలుగు పదోవంతులు. ఆ రోజు ఆ పిల్ల గీటు దాటింది. దాటిన పిల్లని పట్టుకుని, నీ కాళ్ళలోనే లేదు అన్నాడు తను.

అతను అలా ఎంతసేపు కూర్చున్నాడో, వెలుగు చారలు గోడ ఎక్కేసి పోయాయి. అప్పుడు ఇంకొకటి తట్టింది. తట్టకపోతే బాగుండేది. ఎలాగూ రేపు పొద్దున మళ్ళీ గియ్యాలి. తీగని ఇప్పుడే ఇరవై తగ్గించి ఉంగరం చుట్టి, మిగిలిన పాత గీత ఊడ్చేస్తే చాలు. రేపు ట్రాక్ సరిగ్గా నాలుగు వందలొస్తుంది. కండక్టరమ్మ పేరు వెళ్తుంది. స్టేడియం పరువు నిలబడుతుంది, సున్నం బాబాయి చెయ్యి ఎంత నిక్కచ్చి అని కొలతలాయనే మెచ్చుకుంటాడు. ఒక్కరికీ నష్టం లేదు. కూతురికి మాత్రం ఏనాటికీ తెలియదు. తెలిసినా ఏం లాభం? ఆ పోటీలు ఎప్పుడో అయిపోయాయి. మానిన పుండు ఎందుకు రేపడం?

కటింగ్ ప్లయర్ పక్కనే ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. తీగ చివర దాని పళ్ళ మధ్య పెట్టాడు కూడా.

గురువారం తెల్లవారుతుండగా బాబాయి సున్నం జల్లెడ పట్టి బండిలో పోశాడు. నాలుగు చక్రాల మీద తొట్టి, కింద సన్నటి సందు. తోస్తూ వెళ్తే సున్నం గీతలా జారుతుంది. తీగ పట్టుకునేవాడొకడు, బండి తోసేవాడొకడు కావాలి. కూతురు వచ్చి బండి పట్టుకుంది. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. ఖాళీ గ్యాలరీ వాళ్ళిద్దరి చుట్టూ పెద్దగా, చప్పుడు లేకుండా ఉంది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా, ఆ పూట స్టేడియం అతనికి కొత్తగా, భయమేసేంత పెద్దగా కనిపించింది.

అతను మేకు దగ్గర వంగి ఉంగరం తగిలించాడు. లేవలేదు. అలాగే వంగి చెప్పాడు.

"అమ్మా, తీగ ఇరవై సెంటీమీటర్లు పొడుగుంది."

కూతురు బండి వదిలేసింది. "అక్కకి ఏం కాదుగా?" మొదట ఆ మాటే అడిగింది.

"ఏం కాదు. ఎక్కువే పరిగెత్తింది. రెండున్నర మీటర్లు ఎక్కువ."

"అబ్బ!" అందామె. ముఖం విప్పారింది. "అబ్బ నాన్నా, ఎంత మాట చెప్పావు! రెండున్నర... అంటే అక్క టైం ఇంకా..." ఆమె వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. అద్దాల పనిలో మిల్లీమీటర్లతో బతికే మనిషి, ఆమెకి ఎంతసేపు? నాలుగో వేలు దగ్గర ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"తీగ తెగిన రోజునుంచి. ఆఫీసు టేపుకి కూడా ఇరవై కలిపాను. మూడేళ్ళు."

 ఆమె వేళ్ళు అలాగే ముడుచుకుని ఉన్నాయి. బాబాయి తలెత్తి చూసే ధైర్యం చేయలేకపోయాడు.

"నిన్న సాయంత్రమే చూశాను. ప్లయర్ కూడా పెట్టాను, తగ్గించేద్దామని. తగ్గించి గీస్తే ఎవరికీ తెలీదు. నీక్కూడా."

"మరి?"

"చెయ్యి రాలేదు." అతను ఉంగరం మీది మట్టి తుడిచాడు. "నువ్వు పరిగెత్తింది దీని మీదమ్మా. ఇది చెరిపేస్తే నువ్వు పరిగెత్తింది కూడా చెరిపేసినట్టే."

ఎక్కడో బస్సు వెళ్తున్న చప్పుడు వినబడింది. తరవాత బండి చక్రం కిర్రుమంది. ఆమె బండి తీసుకెళ్ళి వంపు మొదట్లో నిలబెట్టింది. "లాగి పట్టుకో" అంది.  అతను తీగ బిగలాగాడు. జీవితంలో మొదటిసారి, తప్పని తెలిసి, ఒక తప్పు గీతని ప్రాణం పెట్టి గీశాడు. కొత్త సున్నం పాత మచ్చ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పడింది. అలాగే తండ్రీ కూతుళ్ళు రెండు వంపులూ పూర్తి చేశారు.

కొలతలాయన పది గంటలకి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది. తొందర అన్నది లేదు. ముందు మచ్చల మీద పడ్డ కొత్త సున్నాన్ని వేలితో గోకి, కింద పాత పొర చూసుకుని, "ఊఁ, అదే చోటు" అన్నాడు. ఉక్కు టేపు పరిచి, ఎండకి అది ఎంత సాగిందో చూసుకుని, అడుగడుగుకీ పిన్ను గుచ్చుతూ, గీత వెంట పాకినట్టు తిరిగాడు. కోచ్ ఒక కొస, సెక్రటరీ ఒక కొస పట్టుకున్నారు. కండక్టరమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చి, టికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద రాయిలా కూర్చుంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. కొలవకముందు చెప్పకూడదని బాబాయి, కూతురు ఎవరికి వారే అనుకున్నారు.

ఆయన రెండుసార్లు కొలిచాడు. రెండోసారి అయ్యాక కాగితంలో రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాలుగు వందల ఒక మీటరూ ఇరవై ఆరు సెంటీమీటర్లు."

ఎవరికీ అర్థం కాలేదు. "పాసా ఫెయిలా సార్?" అన్నాడు కోచ్.

"పొట్టిదైతే ఈ టైం చెత్తబుట్టలోకి పోయేది. పొడుగైతే నష్టం పరిగెత్తిన మనిషిదే. టైం చెల్లుతుంది." ఆయన కండక్టరమ్మ వైపు తిరిగాడు. ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "అమ్మా, ముప్ఫై ఏళ్ళుగా ట్రాకులు కొలుస్తున్నాను. అనుమానంతోనే వస్తాను, అదే నా పని. ఎక్కువ దూరం పరిగెత్తి కూడా టైం కొట్టినవాళ్ళని మాత్రం ఇదే చూడటం." ఆయన లేచి నిలబడి మరీ చెప్పాడు.

కండక్టరమ్మ సంచిలో ముఖం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే తలెత్తి, "బాబాయ్! టికెట్టు కొట్టకుండా రెండున్నర మీటర్లు ఎక్కువ తీసుకెళ్ళావన్నమాట!" అంది. అందరూ పగలబడి నవ్వారు. బాబాయి మాత్రం కూతురి వైపు చూశాడు.

"ఇంత తేడా ఎలా వచ్చింది?" అన్నాడు కొలతలాయన కాగితం మీద వంగి.

సెక్రటరీ వెంటనే అందుకున్నారు. "ఇవాళ పొద్దునే హడావిడిగా గీశారు సార్. నిన్న మ్యాచ్‌లో చెరిగిపోయింది. ఆ హడావిడిలో కాస్త..."

"కాదు సార్" అన్నాడు బాబాయి.

సెక్రటరీ కళ్ళతోనే ఊరుకోమన్నారు. బాబాయి ఆ కళ్ళకేసి చూడలేదు. "ఇవాళ్టిది కాదు. మూడేళ్ళ నుంచి ఇదే గీత. తీగ నేనే తప్పు కొలిచాను. ఈ మూడేళ్ళలో ఇక్కడ పరిగెత్తినవాళ్ళందరూ ఎక్కువే పరిగెత్తారు. అది కూడా రాయండి."

"అది రాస్తే నీ గురించి రాయాలి. గీతల పని ఇక బయటివాళ్ళకి ఇవ్వమంటారు" అన్నాడు కొలతలాయన.

"రాయండి సార్. చదివి వినిపించండి, సంతకం పెడతాను."

"నీకు మతిగాని పోయిందా?" అన్నారు సెక్రటరీ. బాబాయి చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. సంతకం పక్కన సున్నం వేలిముద్ర కూడా పడింది. కొలతలాయన దాన్ని తుడవలేదు.

అందరూ వెళ్ళిపోయారు. కోచ్ కండక్టరమ్మని తన బండి మీద ఎక్కించుకుని, ఊరంతా తిప్పుతానని బయల్దేరాడు. బాబాయి కింది మెట్టు మీద కూర్చున్నాడు.  కాసేపటికి కూతురు వచ్చి పక్కన కూర్చుంది. దుకాణానికి ఆలస్యమైందని అతను అనబోయి ఊరుకున్నాడు.

"చాలా కోపంగా ఉంది నాన్నా" అంది.

"ఉంటుందమ్మా."

"కొన్నాళ్ళు ఉంటుంది."

"ఉండనీ."

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ట్రాక్ వైపు చూసింది. "ఆ రోజు నేను బాగా పరిగెత్తాను కదూ?"

బాబాయి ఆమె వైపు తిరిగాడు. అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడు చెప్పలేడు. "నేను చూడలేదమ్మా. రిలేకి గుర్తులు వేసుకుంటున్నా, అటు తిరిగి. బోర్డు మీద టైం చూసి వచ్చి నీకా మాట చెప్పాను. నువ్వు పరిగెత్తడం నేను చూడనే లేదు." అతని కళ్ళు నిండిపోయాయి. తెల్లటి చేత్తో తుడుచుకుంటే సున్నం మండి ఇంకా కారాయి.

ఆమె అతని చెయ్యి పక్కకి లాగి, తన రుమాలు ఇచ్చింది. తరవాత లేచింది. చెప్పులు విప్పి మెట్టు పక్కన పెట్టింది.

"రెండు నిమిషాలంటే ఇప్పుడు రాదు. మూడు పట్టొచ్చు" అంది. "చూస్తావా?"

"చూస్తానమ్మా."

ఆమె మొదలుపెట్టింది. చప్పుడు లేని స్టేడియంలో ఆమె ఊపిరి మాత్రం మొదటి వంపు దాకా వినబడింది. బాబాయి లేచి నిలబడి, ఆమె ఎటు వెళ్తే అటు తిరుగుతూ చూశాడు. మెడ ఎలా ఎత్తుతుందో, ఎడమ చెయ్యి కాస్త బయటికి ఎలా పోతుందో, అన్నీ మొదటిసారి శ్రద్ధగా చూశాడు. కన్నకూతురు ఇంత అందంగా పరిగెత్తుతుందని ఈ ఊళ్ళో ఇన్నాళ్ళూ తనకొక్కడికే తెలియలేదు. రెండో చుట్టులో ఆమె బాగా అలిసిపోయింది. అయినా ఆగలేదు.